పక్కన వాలిన చిమ్మట

బెల్లంపల్లి,
ఆదివారం పొద్దున.

నా కొడుకు చిరంజీవి సంపత్‌కు అవ్వ దీవెనలు.

ఇక్కడ మేం బాగున్నాం, అక్కడ నువ్వూ బాగున్నావని అనుకుంటున్నాను. ఉత్తరం అన్నాక ఈ మాట ముందు రాయాలని మా చెన్నూరు బళ్ళో తెలుగు సారు నేర్పాడు, అందుకని రాశాను. ఎంత బాగున్నామో కింద రాస్తాను. నిలబడి చదువుతుంటే కూర్చో. అన్నం తినకపోతే తిని వచ్చి చదువు.

మొన్న అడవి క్యాంపు నుంచి జన్నారం వచ్చి ఫోన్ చేసినప్పుడు, "అవ్వా, గొంతేంది గట్లున్నది?" అని అడిగావు. సర్ది అన్నాను. సర్దీ లేదు, గిర్దీ లేదు. మీ బాపు పక్కనే కూర్చున్నాడు, ఫోన్ స్పీకర్‌లో ఉంది. ఆయన ముందర చెప్పలేని సంగతి కాబట్టి ఈ ఉత్తరం. ఇప్పుడాయన ఇస్తారి మామ ఇంటికి పోయాడు. బొగ్గుబాయిలో ఇన్నేళ్ళూ జోడీగా పనిచేశారు గదా, వాళ్ళిద్దరూ కూర్చుంటే లేవరు. ఆలోపు రాసినంత రాస్తాను.

ముందు నీ కిందటి ఉత్తరంలోని ప్రశ్నలకు జవాబులు. బల్బు మాడిపోలేదు, బాగానే వెలుగుతోంది. నువ్వు వానలు మొదలైనప్పుడు వచ్చి, పెరట్లో గన్నేరు చెట్టు పక్కన బకెట్టు పెట్టి, దాని మీద గరాటు, గరాటు మీద ఆ నీలం బల్బు బిగించి, లోపల కోడిగుడ్ల అట్టలు సర్ది పోయావు. "పొద్దుగూకినంక స్విచ్చు వెయ్యున్రి, తెల్లారినంక మూత తీసి ఏమేం చిమ్మటలు పడ్డయో చూసి, పేర్లు పట్టుకొని రాయున్రి, మళ్ల ఇడిచిపెట్టున్రి" అన్నావు. అడవిలో చిమ్మటలు లెక్కపెట్టే మీ మేడం పెట్టెలో పడేవాటికీ బొగ్గు ఊళ్ళో పడేవాటికీ తేడా తెలియాలన్నావు. సరే, కొడుకు అడిగాడు కాబట్టి చేస్తున్నాం. కాలనీలో మాత్రం పరువు పోయింది. పక్కింటి యాదవ్వ గోడ మీంచి తొంగి చూసి, "ఏందే రమా, కోళ్లు లేని ఇంట్ల గుడ్ల అట్టలు, చేపలు లేని బకెట్టుకు బల్బు! నీ కొడుకు సదువు గిదేనా?" అంటుంది.

పిట్టల సంగతి అడిగావు. మొదట్లో వదిలినవాటిని వదిలినట్టే గోరింకలు ఏరుకుని తిన్నాయి. మూత తీసే చప్పుడు వింటే చాలు, పిలిచినట్టు వచ్చి గోడ మీద కూర్చునేవి. ఇప్పుడు మల్లె పొద లోపలికి చేయి పెట్టి ఒక్కొక్కదాన్నీ ఆకుల కింద వదులుతున్నాం. గోరింకలు నన్ను తిట్టుకుంటున్నాయి.

పేర్లు పట్టడం అంటావా, మొదటి రోజు మూత తీస్తే నాకు ఏడుపొక్కటే తక్కువ. అన్నీ గోధుమరంగువే. నువ్విచ్చిన రంగుల కాగితంలో ప్రతిదీ రెక్కలు బార్లా చాపి ఫొటోకు నిలబడ్డట్టుంది. మన అట్టల్లో ఉన్నవి ఒక్కటీ చాపవు. కొన్ని గుడిసె కప్పులాగా ముడుచుకుంటాయి, కొన్ని అట్టకు బల్లపరుపుగా అతుక్కుపోతాయి, కొన్నయితే తుంచి పడేసిన పుల్లలాగా ఉంటాయి. పుల్లనే ఒక పూటంతా చిమ్మట అనుకుని కాగితంలో వెతికాను. మీ బాపు దాన్ని వేళ్ళతో విరిచి, "నీ చిమ్మట పొయ్యిల పెట్టనీకి పనికొస్తది" అన్నాడు.

ఇంకో ఘనకార్యం విను. బూడిదరంగుది, గోరంత పొడవు కూడా లేనిది, వరుసగా కొన్నాళ్ళు అట్ట అంచు మీదే దొరికింది. కాగితంలో లేదు. లోకంలో ఎవరికీ తెలియని పురుగును నేనే కనిపెట్టానని మీ మేడంకు చూపించమని ఫొటో పంపాను, గుర్తుందా? అది మన బియ్యం డబ్బాలోది. బియ్యంలో గూళ్ళు కట్టే పురుగు పెద్దదై రెక్కలొచ్చి, వంటింటి కిటికీలోంచి పోయి పెట్టెలో పడుతోంది. మొన్న బియ్యం చెరుగుతుంటే చేటలోంచి లేచి నా ముక్కు మీద వాలింది. మేడంకు చెప్పకు, సిగ్గు.

పచ్చది ఏదని అడిగావు. ఆకుపచ్చ మీద లేత గులాబీ చారలు, విమానం రెక్కలు. అది గన్నేరు చిమ్మట. మీ బాపే పట్టాడు. గన్నేరు ఆకుల వెనక దాని గొంగళి దొరికితే, తోకకు కొమ్ముండటం చూసి, కాగితంలో బొమ్మతో పోల్చి చెప్పాడు. ఎండ వచ్చాక మెట్టు మీద కూర్చుని, అట్టను ముఖానికి ఎదురుగా పట్టుకుంటే ఆయనంత చూపున్నవాడు లేడు, సంపత్. ఆవగింజంత చుక్కను పట్టుకుని, "ఇది నిన్నటిది గాదు, దీనికి చుక్క జర లోపలికున్నది" అనేవాడు. మీసాలు దారాల్లాగా ఉన్నాయా ఈకల్లాగా ఉన్నాయా చూసి, ఆడదో మగదో చెప్పేవాడు. నాకు పోటీ పెట్టి నన్ను ఓడించి, చాయ్ పెట్టించుకునేవాడు. ఇద్దరం చిన్నపిల్లల్లాగా కొట్లాడుకున్నాం. మన ఇంట్లో అంత నవ్వు విని చాలా ఏళ్ళయింది. 

ఇక్కడ ఆపాను. మీ బాపు వచ్చాడు.

సోమవారం. ఆయన స్నానానికి పోయాడు, తర్వాత ఎట్లాగూ పడుకుంటాడు. పనికి పోయే బాధ లేదు గదా ఇప్పుడు. ఎందుకు లేదో అదే రాయబోతున్నాను.

మన కాలనీ సంగతి నీకు తెలియంది కాదు. వయసు మీద పడ్డ మగవాళ్ళంతా మెడికల్ బోర్డు కోసమే బతుకుతారు. బోర్డు అన్‌ఫిట్ అంటే తండ్రి ఇంట్లో కూర్చుంటాడు, కొడుకు బాయిలోకి దిగుతాడు. అందుకని బోర్డు దగ్గర పడేసరికి నిక్షేపంలాంటి నడుములు వంగిపోతాయి, గుండుసూది పడ్డా వినపడే చెవులకు ఏమీ వినపడదు. యాదవ్వ పెనిమిటి నెల్లాళ్ళు కర్ర పట్టుకుని కుంటాడు. ఇంట్లో కూడా కుంటాలట, లేకపోతే డాక్టరు ముందు మరిచిపోతారట. వాళ్ళ పెద్దోడికి ఉద్యోగం వచ్చిన మర్నాడు ఆ కర్రతోనే యాదవ్వ మోరీలో చెత్త తోస్తుంటే చూశాను.

మీ బాపు కిందటేడు నడుం నొప్పని పోతే, ఫిట్ అని తిప్పి పంపారు. అప్పుడు యాదవ్వ నాకు మందు చెప్పింది. "నడుము గాదే పిచ్చిదానా, ఎక్స్‌రే ఫొటో తీస్తే దొరికిపోతది. కండ్లు కనవడతలెవ్వు అనుమను. జర ముందుగాలనే అలవాటు చేసుకొమ్మను." నేను ఆ మాట మోసుకొచ్చి మీ బాపుకు చెప్పాను. ఆయన విని, చెప్పులేసుకుని డ్యూటీకి పోయాడు.

కొన్నాళ్ళకు ఒక సాయంత్రం ఆయన బట్టల తీగ కట్టిన గుంజకు నుదురు కొట్టుకున్నాడు. మొదలుపెట్టాడు అనుకున్నాను. కాలి పక్కన చెంబుంటే "చెంబేదే?" అనేవాడు. గడప తన్నుకునేవాడు. యాదవ్వ కూతురి పెళ్ళిలో, పందిట్లో దీపాలు సరిగ్గా లేని చోట, ఎదురొచ్చిన ముసలామెను గుద్దుకుని ఇద్దరూ పడబోయారు. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాను. ఇంటికొచ్చాక, "మస్తు చేస్తున్నవ్. జర తగ్గించు, మరీ ఎక్కువ చేస్తే అనుమానమొస్తది" అన్నాను. నా నోటితోనే అన్నాను, బిడ్డా. ఆయన చిన్నగా నవ్వి, "గట్లనే" అన్నాడు.

నీ చిమ్మటల పెట్టె రాకపోతే ఇంకా ఎన్నాళ్ళు నవ్వేదాన్నో. పొద్దున్నే మసకలో మూత తీసేటప్పుడు అట్టను చేతిలో పట్టుకుని, "గిండ్ల ఏం లెవ్వు" అనేవాడు. నేను చూస్తే కిక్కిరిసి ఉండేవి. ఎండలో ఎదురుగా ఉన్నదాని చుక్కలు లెక్కపెట్టిన మనిషే, ఆ చిమ్మట కొంచెం పక్కకు నడిస్తే "ఎగిరిపోయిందే" అనేవాడు. అది ఆయన మోకాలి మీదే ఉండేది. నాకు కోపమొచ్చేది. "ఇంట్ల ఎవలు చూస్తున్నరని గీ యాక్టింగు? డాక్టరేమన్న మల్లెపొద చాటుకు కూసున్నడా?" అని అరిచేదాన్ని.

ఒకరోజు ముసురు పట్టింది. మూత తీస్తే దసలి చిమ్మట. నాకు కాగితం అక్కర్లేదు దానికి. మా నాయన చెన్నూరు అడవిలో నల్లమద్ది చెట్ల మీద దసలి పురుగులను సాకినవాడు. పట్టుకాయల్లోంచి అవి బయటికొచ్చి రెక్కలు ఆరబెట్టుకోవడం చూస్తూ పెరిగాను. ఆడది, అరచెయ్యి కన్నా పెద్దది, పసుపుకొమ్ము రంగు, రెక్కకొక గాజుబిళ్ళ. దానికి నోరుండదు, తిండి తినదు, గుడ్లు పెట్టి పోతుంది. పుట్టింటి నుంచి ఎవరో వచ్చినట్టు నా మనసు పొంగింది. మెల్లగా తీసి మెట్టు మీద పెడితే, అక్కడే సిమెంటు మీద గుడ్లు పెట్టడం మొదలుపెట్టింది. మీ బాపు పక్కన కూర్చుని ఇంకో అట్ట చూస్తున్నాడు.

"కదలకు. నీ ఎడమ చెయ్యి పక్కన ఎవరొచ్చిండ్రో చూడు" అన్నాను.

"ఎవలే?" అంటూ ఆయన లేవబోయి, ఆసరాకు ఎడమచెయ్యి ఆనించాడు. సరిగ్గా దాని మీద.

"నీ కండ్లు మండ! గింత పెద్దది కనవడతలేదా?" అని అరిచాను.

ఆయన చెయ్యి ఎత్తాడు. అరచేతికి రెక్కల పొడి, గుడ్లు, తడి. ఆ చేతిని పక్క నుంచి మెల్లగా జరుపుకుంటూ సరిగ్గా ముఖానికి ఎదురుగా తెచ్చుకున్నాడు. అప్పుడు కనపడింది ఆయనకు. చాలాసేపు చూశాడు. తర్వాత ఏడ్చాడు, సంపత్. మీ తాత పోయినప్పుడు తప్ప ఆయన ఏడవగా నేను చూడలేదు. యాక్టింగు చేసేవాడు అట్లా ఏడవడు.

"నిజంగనే కనవడతలేదే రమా" అన్నాడు.

"ఎప్పటిసంది?"

"ఏమో, ఎట్ల తెలుస్తది? బాయిల టోపీ లైటు పడ్డంత జాగనే అందరికీ కనవడ్తది. నాకూ గంతే కనవడ్డది. అందరం ఒక్క తీర్గనే చూస్తున్నమనుకున్న. పైకొచ్చినంక గూడ గంతే కనవడుతుందని మెల్లమెల్లగ తెలిసింది."

"మరి నాకెందుకు చెప్పలే?"

"నువ్వు యాక్టింగ్ అనుకుంటివి గదా. నువ్వు నవ్వుతుంటే నాకు గూడ జర ధైర్యమైంది. యాక్టింగే గావచ్చు అనుకున్న."

ఆ మాట నా గుండెలో దిగిపోయింది. 

బాయిలో ఎట్లా నెట్టుకొచ్చావంటే చెప్పాడు. ఇస్తారి ముందు నడుస్తాడట. ఈయన లైటు వెలుగు ఇస్తారి మడమల మీద పెట్టుకుని, అవి ఎక్కడ పడితే అక్కడ అడుగు వేస్తాడట. ఇస్తారికి సంగతి తెలుసు. తెలిసి, పైన ఎవరికీ చెప్పకుండా, గుంటొస్తే "గుంట", పట్టాలొస్తే "పట్టాలు" అని ముందు నుంచి చెప్తూ నడిపించాడు. వీళ్ళ పని బాయి కప్పుకు ఆధారాలు పెట్టడం. కప్పు పక్క నుంచి రాలితే ఈయన చూడలేడు. ఆధారం వంకరైనా చూడలేడు. దాని కింద పనిచేసే పిల్లలు ఎందరో. దేవుడు ఎట్లా కాపాడాడో తెలియదు.

మేం వేములవాడ రాజన్న దర్శనానికి పోయొచ్చామని నీకు ఫోన్లో చెప్పాం చూడు, అది అబద్ధం. కరీంనగర్‌లో కళ్ళ దవాఖానకు పోయాం. అక్కడ ఒక యంత్రంలో తల పెట్టించి, వెలుగు చుక్క కనపడ్డప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. పక్కన కంప్యూటర్ మీద చుక్కలు వస్తున్నాయి, పోతున్నాయి, మీ బాపు బొటనవేలు కదలదు. "నొక్కున్రి, నొక్కున్రి" అని నేనే అరవబోయి, చెంగు కొరుక్కున్నాను. కాగితం బయటికొస్తే అంతా నలుపు, మధ్యలో రూపాయి బిళ్ళంత తెలుపు.

డాక్టరమ్మ చిన్నపిల్ల, నెమ్మదిగా చెప్పింది. కంటి వెనక తెర అంచుల నుంచి ఎండిపోతూ వస్తోందట. మందు లేదట. ఆ మధ్యలోది కూడా ఎన్నాళ్ళుంటుందో చెప్పలేమంది. "మీ నాన్నగారికి ఉండేదా?" అని అడిగింది. మీ బాపు లేదన్నాడు. నాకు మీ తాత గుర్తొచ్చాడు. పొద్దు ఉండగానే అన్నం తిని మంచమెక్కేవాడు. అందరూ కరెంటు బిల్లుకు భయపడే పిసినారి అని నవ్వేవారు. బాయిలో బొగ్గుదుమ్ము పడి కళ్ళు మసకబారాయని చెప్పి, ఉద్యోగం మీ బాపుకిచ్చి ఇంట్లో కూర్చున్నాడు. ఆయన్ను చూసీ నవ్వాం, ఈయన్ను చూసీ నవ్వాం. నవ్వడం తప్ప మాకేం చేతనైంది?

డాక్టరమ్మ చివర్న అన్నది: "ఇది వంశంలో వస్తుంది. పిల్లలుంటే వాళ్ళ కళ్ళు వెంటనే చూపించండి." మీ బాపు గబగబా కాగితాలు సర్దుకుని లేచాడు.

ఆ కాగితాలతో బోర్డుకు పోతే అన్‌ఫిట్ అన్నారు. యాదవ్వ పేడాల డబ్బా పట్టుకుని వచ్చింది. "అబ్బో, మీ ఆయన మస్తు చేసిండే! గీ కాలనీల ఇంత మంచిగ ఎవలు చెయ్యలే" అని నా నోట్లో పేడా పెట్టింది. నేను నమిలి మింగాను. ఏం చెప్పను? మీ బాపు గోడకానుకుని కూర్చుని, పిలవని పేరంటానికి వచ్చినవాడిలాగా నవ్వాడు.

ఇప్పుడు అసలు సంగతి. బాయి ఆఫీసు నుంచి నీ పేరు మీద కాగితం వచ్చింది. దసరా పోయాక నీకు మెడికల్. పాసైతే ఉద్యోగం. ఈ ముక్క మీ బాపు నీకు వచ్చేసారి ఫోన్లో చెప్తాడు, సంతోషంగా చెప్తాడు. కళ్ళ సంగతి మాత్రం చెప్పడు. నాతో తన తల మీద చెయ్యి పెట్టించుకుని ఒట్టు వేయించాడు, నేనూ చెప్పనని.

"చార్టు సదివిపిస్తరు, గంతే" అన్నాడు. "వెలుగుల వాడు చిన్నక్షరం గూడ సదువుతడు. నేను సదువలేదా?"

"పాసైనంక?"

"పాసైనంక నా లెక్కనే చేసుకుంటడు. వాని కండ్లు పొయ్యేసరికి నలభై దాటుతది. గప్పటికి వానికో కొడుకుంటడు."

నేను తలెత్తి చూశాను. ఆయన వెటకారంగా అనలేదు. నిజంగానే అది దారి అనుకుంటున్నాడు. మీ బాపును చెడ్డవాడు అనుకోకు. "కండ్లు ఎట్లా పోతయో పోతయి, మనం ఆపలేం. నౌకరి గూడ పోగొట్టుకునుడెందుకు? చూపు లేనోడు, పని లేనోడు, రెండూ అయితే వాని బతుకేంది?" అని అడిగాడు. ఆయన అన్నదీ అబద్ధం కాదు.  పరీక్ష చేయించుకుని నిజం తేలితే నీకీ ఉద్యోగం రాదు, ఇంకోటి ఎప్పుడొస్తుందో తెలియదు, ఆయన జీతం ఆగిపోయింది. అది తెలిసీ ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఒట్టు తప్పాను. తప్పేదాన్ని కాదు, నీ కిందటి ఉత్తరం రాకపోతే.

నీ ప్రశ్నలన్నిటికీ జవాబు రాసి ఒక్కటి మిగిల్చాను చూడు. చివర్న రాశావు గదా, మంచి టార్చ్ కొని పంపమని. క్యాంపులో ఇచ్చిన టార్చ్ దండగదని, వాగు దాటుతూ రెండుసార్లు పడ్డావని, మోకాలు కొట్టుకుపోయిందని. మిగిలిన పిల్లలు అవే టార్చ్‌లతో చకచకా నడుస్తున్నారని, నీకే దరిద్రపుది దొరికిందని. పెట్టె పక్కన గుడ్డ మీద వాలిన పెద్ద చిమ్మటను చూడకుండా దాటిపోతే, మీ మేడం "కళ్ళు క్యాంపులో పెట్టి వచ్చావా?" అని నవ్విందని, నువ్వూ నవ్వావని.

అది చదివి పొయ్యి ఆర్పి, మళ్ళీ మొదటి నుంచి చదివాను. మీ బాపు "ఏం రాసిండే?" అని అడిగితే, మొత్తం చదివి వినిపించి ఆ ముక్క దాటేశాను. ఆయనకు తెలియదు. ఉత్తరం నా పెట్టెలో చీర మడతల్లో ఉంది. తెలిస్తే ఆయన ఏమైపోతాడో, లేక తెలిసి కూడా పోనీ అంటాడో, రెండిట్లో ఏది ఎక్కువ భయమో నాకే తెలియదు.

టార్చ్ కొనలేదు. కొనను. నీ టార్చ్‌కేం కాలేదు, కొడుకా.

ఈ ఉత్తరం అందిన రోజే మేడంకు చెప్పి, సెలవు పెట్టి కరీంనగర్ పో. దవాఖాన పేరు, డాక్టరమ్మ పేరు వెనకవైపు రాశాను. ఇంటికి రాకు, ముందు అక్కడికే పో. అంతదాకా చీకటి పడ్డాక ఒక్కడివే వాగు దాటకు, ఎవరి చెయ్యైనా పట్టుకో, సిగ్గుపడకు. పరీక్ష కాగితంలో ఏమీ లేదని తేలితే ఈ ముసల్దానికి పిచ్చని నవ్వుకో, వచ్చి మెడికల్‌కు పో, నేనే ఎదురొచ్చి పంపుతాను. ఉందని తేలితే మాత్రం ఆ చార్టు ముందు నిలబడకు. నీకు ముందు నడిచే ఇస్తారి ఎవరూ లేరు. ఉన్నా, వాని మడమలు చూసుకుంటూ నడిచేవాడు పెట్టిన ఆధారాల కింద పనిచేసే పిల్లలకు తల్లులున్నారు. మనం ఏదో తిని బతుకుదాం. ఏం తింటామో నాకు తెలియదు, కానీ బతుకుదాం.

మీ బాపు మీద కోపం పెట్టుకోకు. ఆయన ఇప్పటికీ పొద్దున్నే వచ్చి మెట్టు మీద కూర్చుంటాడు. నేను అట్టను తెచ్చి ఆయన ముఖానికి ఎదురుగా పట్టుకుంటాను. చుక్కలు చెప్తాడు, నేను రాసుకుంటాను. ఆయన చెప్పే పేర్లు ఇంకా తప్పు పోవడం లేదు.

ఒక్కటే అడుగుతాను. ఒకే ఇంట్లో, ఒకే కంచంలో తింటూ, నిజంగా కనపడని మనిషిని నటిస్తున్నాడని నవ్వినదాన్ని నేను. రేపు నువ్వు కనపడుతున్నట్టు నటించినా కనిపెట్టలేను. "టార్చ్ మార్చిండ్రు, ఇప్పుడు మంచిగనే కనవడుతుందే అవ్వా" అని రాశావంటే నమ్మేస్తాను, నమ్మాలనే ఉంది గనుక. అందుకని నా సంతోషానికి ఏమీ రాయకు, బిడ్డా. కనపడకపోతే కనపడటం లేదని రాయి.

ఇట్లు,
ఒట్టు తప్పి రాసిన మీ అవ్వ,
రమ.